టేపు సున్నా కొస

ముప్ఫయ్యొక్క ఏళ్లు
నెల్లూరు టౌన్ ప్లానింగ్ సెక్షన్లో
టేపు సున్నా కొస పట్టుకున్నోణ్ని నేను.
అంకెలన్నీ అవతల కొసనే.
చదివేదీ రాసేదీ సర్వేయర్ మాల్యాద్రి సారు.
నా బొటనవేలి కింద ఏమీ ఉండదు,
గోడ తప్ప.

గోడలు మాత్రం నాకు తెలుసు.
సంతపేట పాతగోడల గచ్చులో
బెల్లం, కరక్కాయ వాసన ఇంకా పోలేదు.
వానపడిన మర్నాడు ముక్కు ఆనించి చూడండి.
కొత్త లేఅవుట్ల కాంపౌండు గోడలకు వాసనుండదు.
చెయ్యి పెడితే, ఎవరు కావాల అంటాయి.

గాజులోళ్ల వీధి పద్దెనిమిది అడుగులు.
మాస్టర్ ప్లాన్లో నలభై.
ఎర్రరంగు డబ్బా, కుంచె నా చేతికిచ్చి
ఇంటికో గీత గియ్యమన్నారు.
మస్తాన్‌బీ ఇంట్లో గీత
కుట్టుమిషను పెడలు మీదుగా పోయింది.
పెంచలయ్య క్షౌరశాలలో
అద్దం రోడ్డుకొచ్చింది, కుర్చీ ఇంటికి మిగిలింది.
"ఇంక నేను గెడ్డం గీసేది మనిషికా, బస్సుకాబ్బయా?"
మాల్యాద్రి సారు నవ్వలేదు.
పదకొండడుగులు అని రాసుకున్నాడు.

వెడల్పు వొద్దని నేననను.
అంతకు ముందేడు జైబూని నొప్పులతో
నులకమంచం మీద మోసుకుపోయినారు ట్రంకు రోడ్డు దాకా.
అంబులెన్సు సందు మొగదాల్లో నిలబడి
ఊరికే అరిచింది.
ఆ మంచం కోడు ఒకటి నేనూ పట్టినాను.

వీధి నడుమ ఒకచోట వొంకర.
ఎందుకు వొంకరో ఏ ఫైల్లోనూ లేదు.
బొరుగుల కొట్టు దొరసానమ్మ చెప్పింది:
వాళ్ల జేజి నాటికి, వడ్లబండి తిరగడం లేదని
శెట్టిగారు గోడ మూరెడు లోపలికి జరిపి కట్టించాడంట.
అడిగిన బండాయన పోయినాడు, జరిపిన శెట్టి పోయినాడు.
ఆ మూరెడు మర్యాద మీదనే
నిన్నటిదాకా ఆటోలు మళ్లినాయి.
టేపు పెట్టి చూసినా. అడుగున్నర.
ఫారంలో దాన్ని రాయడానికి గడి లేదు.
మొదటిరోజు జేసీబీ
పళ్లు పెట్టింది అక్కడే.

వీధి వెడల్పయింది.
నడుమ డివైడరు, డివైడర్లో గన్నేరు మొక్కలు.
కేకేస్తే పలికే ఎదురింటికి
గాంధీబొమ్మ దాకా పోయి తిరిగి రావాల.
ఎర్రకారం దోసెల సుబ్బరత్నమ్మకు
సగం బేరం అవతలి ఒడ్డున ఉండిపోయింది.
ఒడ్డే మరి.
ఎండాకాలంలో పెన్నను నడిచి దాటొచ్చు,
దీన్ని దాటలేం.

ఆ ఏడు రొట్టెల పండగలో
స్వర్ణాల చెరువు నీళ్లల్లో మోకాటి లోతున నిలబడి
మస్తాన్‌బీ ఇంటిరొట్టె పట్టింది.
సగం ఇల్లు ఉన్నోళ్లు సగం రొట్టె పడతారా
అని తమాషాకి అడగబోయినాను.
నా గోటి సందులో ఎర్రరంగు కనపడి
చెయ్యి నీళ్లల్లోకి దించుకున్నాను.

నెల తిరక్కముందే డివైడర్లో ఒక దిమ్మె ఊడింది.
అతికించినాం. ఊడింది.
కమ్మి పెట్టినాం. కమ్మి వంగింది,
సరిగ్గా ఒక మనిషి,
ఆ మనిషి చేతిలో దోసెల పొట్లం పట్టేంత.
ఎవరి పని ఇదని విచారిస్తే
వీధి మొత్తం ఆకాశం చూసింది.
ప్లాను గీసినోళ్లు గియ్యడం మరిచిన గీతను
వీధే గీసుకుంది.

నేను రిటైరయ్యే వారం
ఆ సందు శాశ్వతంగా మూసేదానికి ఎస్టిమేటు.
మళ్లీ నేనూ, సారూ, టేపూ.
ఎండ మాడ్చేస్తా ఉంది.
సున్నా కొస దిమ్మె మీద ఆనించి కూచున్నా.
దొరసానమ్మ మనవరాలు కాబోలు,
చేతిలో క్యారియరు, కాళ్లకు చెప్పుల్లేవు,
అవతల్నించి పరిగెత్తుకుంటా వచ్చి
టేపు ముందర ఆగింది.

"బిగించి పట్టవయ్యా!" సారు అరుస్తున్నాడు.

పాప తల తగలకుండా
టేపు కాస్త పైకెత్తినాను.
దాటిపోయింది.
ఆ రోజు కొలత తప్పొచ్చిందని
ఇంకోసారి కొలవాల్సొచ్చింది.